రెండు ఇంధనాలు – ఒక యంత్రం

ఉద్దేశం

ఒకే యంత్రం రెండు వేర్వేరు ఇంధనాలతో నడవాలంటే దాని నిర్మాణంలో ఎటువంటి ఏర్పాట్లు అవసరమో, ఆ ఇంధనాలకూ పల్లెల్లోని సేద్యానికీ గల సంబంధం ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. శాస్త్ర విషయాలను సులభమైన తెలుగులో వివరించే వ్యాసరచనా పద్ధతిని పరిచయం చేయడం మరొక ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదు నుండి ముంబాయి వైపు సాగే జాతీయ రహదారి లింగంపల్లి దాటగానే కర్మాగారాల నడుమ ప్రవేశిస్తుంది. రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ టర్బైన్లను నిర్మిస్తుంది. దానికి సమీపంలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ విస్తరించి ఉంది. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ కూడా పటాన్‌చెరులోనే ఉండి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి పంటలపై పరిశోధన సాగిస్తోంది. ఇంకా ముందుకు పోతే కంది గ్రామం వద్ద ఐ.ఐ.టి. హైదరాబాదు, ఆపైన సంగారెడ్డి పట్టణం, సదాశివపేటలో టైర్ల కర్మాగారం, జహీరాబాదులో ట్రాక్టర్ల కర్మాగారం కనిపిస్తాయి. ఒకప్పుడు మెదక్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాగా ఏర్పడింది. ఇక్కడ ప్రహరీగోడకు ఒక పక్క యంత్రాలు తిరుగుతుంటే మరొక పక్క జొన్నచేలు ఊగుతుంటాయి.

యంత్రమూ పొలమూ ఇంత చేరువగా ఉన్నచోట ఒక ప్రశ్న సహజంగా పుడుతుంది. పొలంలో పండిన పంటతో యంత్రాన్ని నడపగలమా? నడపగలిగినా, పంట చేతికి రాని రోజున ఆ యంత్రం ఆగిపోవలసిందేనా? ఆగిపోకూడదంటే అది పెట్రోలుతోనూ నడవాలి, పంటనుండి తీసిన ఇంధనంతోనూ నడవాలి. ఏది దొరికితే దానితో సాగిపోగల యంత్రం కావాలి. వినడానికి ఇది తేలికైన కోరికే. కాని దానిని తీర్చబోయేసరికి యంత్రనిర్మాతకు ఎన్నో చిక్కులు ఎదురవుతాయి.

మోతాదు మర్మం

పల్లెల్లో గోబర్ గ్యాస్ వాడే ఇళ్ళను గమనిస్తే ఈ చిక్కు స్వభావం అర్థమవుతుంది. సిలిండర్ గ్యాసుకు వాడే పొయ్యిని తెచ్చి గోబర్ గ్యాస్ గొట్టానికి తగిలిస్తే మంట సరిగా రాదు. గోబర్ గ్యాసులో మండే పదార్థం పాలు తక్కువ. అందువల్ల అదే వేడి రావాలంటే ఎక్కువ వాయువు బయటికి రావాలి. పొయ్యిలోని సన్నని రంధ్రాన్ని పెద్దది చేయాలి. ఇంధనం మారినప్పుడు దానిని అందించే ద్వారమూ మారాలన్న సూత్రం ఇక్కడే ఉంది.

వాహనాలలో వాడేది అంతర్దహన యంత్రం. దాని సిలిండరులోకి గాలీ ఇంధనమూ కలిసి ప్రవేశిస్తాయి. ముషలకం పైకి లేచి ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. విద్యుత్ స్ఫులింగం దానిని వెలిగిస్తుంది. మండిన వాయువులు వ్యాకోచించి ముషలకాన్ని కిందికి నెడతాయి. ఇంధనం పూర్తిగా మండాలంటే దానికి తగినంత గాలి కావాలి. ఒక గ్రాము పెట్రోలు మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి అవసరం. చెరకు, జొన్న, మొక్కజొన్న వంటి పంటలనుండి తీసే ఇథనాలుకు 9 గ్రాములు చాలు. సహజవాయువులో ప్రధానభాగమైన మీథేనుకు 17 గ్రాములకు పైగా కావాలి.

సిలిండరులో పట్టే గాలి పరిమాణం స్థిరం. కాబట్టి నిర్మాత మార్చగలిగింది ఇంధనపు మోతాదునే. ఇంధనం ఎక్కువైతే అది సగం కాలి పొగగా, విషవాయువుగా బయటికి పోతుంది. తక్కువైతే యంత్రం శక్తి కోల్పోయి తడబడుతుంది. కావ్యంలో ఔచిత్యానికి ఎంత స్థానం ఉందో యంత్రంలో మోతాదుకు అంత స్థానం ఉందని చెప్పవచ్చు.

కార్బ్యురేటరు నుండి ఇంజెక్టరు దాకా

పూర్వం ఈ మోతాదును కార్బ్యురేటరు నిర్ణయించేది. గాలి ఇరుకైన దారిలో వేగంగా పోతున్నప్పుడు అక్కడి పీడనం తగ్గుతుంది. ఆ పీడన భేదం వల్ల పెట్రోలు సన్నని రంధ్రంగుండా పైకి లేచి గాలిలో తుంపరగా కలుస్తుంది. రంధ్రం పరిమాణం ఒకసారి నిర్ణయిస్తే అది ఒక ఇంధనానికే సరిపోతుంది. రెండవ ఇంధనం పోయాలంటే రంధ్రాన్నే మార్చుకోవాలి.

తరువాత వచ్చిన ఇంజెక్టరు ఈ బంధాన్ని సడలించింది. ఇంజెక్టరు నిజానికి ఒక చిన్న విద్యుత్ కవాటం. పంపు నుండి ఒత్తిడితో వచ్చిన ఇంధనం దాని వాకిట వేచి ఉంటుంది. విద్యుత్తు ప్రవహించగానే కవాటం తెరుచుకొని ఇంధనం తుంపరగా చిమ్ముతుంది. విద్యుత్తు ఆగగానే మూసుకొంటుంది. మోతాదును ఇప్పుడు రంధ్రం ఒక్కటే నిర్ణయించదు; కవాటం ఎంతసేపు తెరిచి ఉందన్నది నిర్ణయిస్తుంది. ఆ కాలాన్ని లెక్కగట్టేది ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరం. దానిని యంత్రానికి మెదడు అనవచ్చు. రంధ్రం మార్చకుండానే, తెరిచి ఉంచే కాలాన్ని మార్చి, వేరొక ఇంధనానికి తగిన మోతాదును ఇచ్చే వీలు దీనివల్ల కలిగింది.

లెక్కలోని చిక్కు

ఒక ఉదాహరణ తీసుకొందాం. 1,200 ఘనపు సెంటీమీటర్ల పరిమాణం, నాలుగు సిలిండర్లు గల కారు యంత్రంలో ఒక్కొక్క సిలిండరుకు 300 ఘనపు సెంటీమీటర్లు వస్తాయి. అది పూర్తిగా నిండితే అందులోని గాలి బరువు సుమారు 360 మిల్లీగ్రాములు. దానికి తగిన పెట్రోలు సుమారు 24 మిల్లీగ్రాములు. అదే ఇథనాలైతే 40 మిల్లీగ్రాములు కావాలి. ఇంజెక్టరు ఒక్కొక్క మిల్లీ సెకనుకు 3 మిల్లీగ్రాములు చిమ్ముతుందనుకొంటే పెట్రోలుకు 8 మిల్లీ సెకన్లు, ఇథనాలుకు 13 మిల్లీ సెకన్లకు పైగా పడుతుంది.

యంత్రం నిమిషానికి 3,000 సార్లు తిరుగుతున్నప్పుడు ఒక పూర్తి ఆవృత్తికి, అంటే రెండు చుట్లకు, 40 మిల్లీ సెకన్ల వ్యవధి ఉంటుంది. 13 మిల్లీ సెకన్లు అందులో సులభంగా ఇముడుతాయి. నిమిషానికి 6,000 చుట్ల వేగంలో ఆ వ్యవధి 20 మిల్లీ సెకన్లకు కుదించుకుపోతుంది. అప్పుడు కవాటం మూడింట రెండు వంతుల కాలం తెరిచే ఉండాలి. ఇంకాస్త పెద్ద యంత్రమైతే కాలం చాలనే చాలదు.

ఇంజెక్టరును పెద్దది చేస్తే సరిపోతుంది కదా అని తోచవచ్చు. అక్కడ మరో చిక్కు వస్తుంది. వాహనం సిగ్నలు దగ్గర ఆగి, యంత్రం మాత్రం నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఒక్కొక్కసారి కావలసిన పెట్రోలు 5, 6 మిల్లీగ్రాములే. రెట్టింపు వేగంతో చిమ్మే ఇంజెక్టరు దానిని ఒక్క మిల్లీ సెకనులోనే ఇచ్చివేయాలి. కాని కవాటం తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ పట్టే కాలమే దాదాపు అంత ఉంటుంది. తెరుచుకొనే లోపలే మూసుకోవలసి వస్తే మోతాదు నిలకడగా ఉండదు. యంత్రం కుదుపులకు లోనవుతుంది. నిండు వేగంలో ఇథనాలుకు చాలినంత పెద్దదిగా, నిదాన స్థితిలో పెట్రోలుకు తగినంత సూక్ష్మంగా ఒకే ఇంజెక్టరు పని చేయాలి. ఈ రెండు కోరికల మధ్య సయోధ్య కుదర్చడమే రెండు ఇంధనాల వ్యవస్థను రూపొందించే ఇంజనీరు మొదటి బాధ్యత.

వచ్చిన ఇంధనాన్ని గుర్తించడం

పెట్రోలు, ఇథనాలు ఏ పాళ్ళలో కలిసినా నడవగల వాహనాలను ఫ్లెక్స్ ఫ్యూయల్ వాహనాలంటారు. వీటిలో రెండు ద్రవాలకూ ఒకటే ట్యాంకు. వాహనదారు నేడు పెట్రోలు, రేపు ఇథనాలు పోయించవచ్చు. ట్యాంకులో చివరికి ఏ పాలు ఎంత ఉందో అతనికే తెలియదు. యంత్రానికి తెలియాలి. ఇందుకు రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటిది ఇంధనాన్ని నేరుగా పరీక్షించడం. విద్యుత్ క్షేత్రానికి స్పందించే గుణంలో పెట్రోలుకూ ఇథనాలుకూ చాలా తేడా ఉంది. ఆ గుణాన్ని కొలిచే సంఖ్యను రోధక స్థిరాంకం అంటారు. పెట్రోలుకు అది సుమారు 2, ఇథనాలుకు సుమారు 25. ఇంధనం ప్రవహించే గొట్టంలో రెండు లోహఫలకాలను అమర్చి వాటి విద్యుత్ ధారణశక్తిని కొలిస్తే ఇథనాలు పాలు తెలిసిపోతుంది. ఇది నమ్మదగిన మార్గం, కాని అదనపు ఖర్చు.

రెండవది ఫలితాన్ని చూసి కారణాన్ని ఊహించడం. పొగగొట్టంలో మిగిలిన ఆమ్లజనిని పసిగట్టే సెన్సారు ఆధునిక వాహనాలన్నిటిలో ఉంటుంది. పెట్రోలు మోతాదులో ఇథనాలును చిమ్మితే గాలి మిగిలిపోతుంది. పొగలో ఆమ్లజని ఎక్కువగా కనిపిస్తుంది. నియంత్రణ పరికరం మోతాదును కొంచెం కొంచెంగా పెంచుతుంది. ఎంత పెంచితే సరిపోయిందో దానినిబట్టి ఇథనాలు పాలు ఎంతో లెక్కగడుతుంది. బ్రెజిల్ దేశంలోని వాహనాలు ఎక్కువగా ఈ మార్గాన్నే అనుసరించాయి.

ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. ఇంజెక్టరులో మురికి చేరి ఇంధనం తక్కువగా వస్తున్నా పొగలో ఆమ్లజని ఎక్కువగానే కనిపిస్తుంది. లక్షణం ఒకటే, కారణాలు రెండు. వైద్యుడు రోగి నాడిని మాత్రమే చూసి ఊరుకోక నిన్న ఏమి తిన్నావని అడిగినట్లు, నియంత్రణ పరికరం ట్యాంకులోని ఇంధన మట్టాన్ని కూడా చూస్తుంది. మట్టం ఇటీవలే పెరిగి ఉంటే కొత్త ఇంధనం చేరిందని గ్రహించి పాళ్ళను తిరిగి లెక్కిస్తుంది. పెరగకపోతే లోపం ఇంజెక్టరులో ఉందని భావిస్తుంది. కొత్త ఇంధనం పోసిన వెంటనే కూడా తొందరపడదు. గొట్టాలలో మిగిలిన పాత ఇంధనం ఖర్చయ్యేదాకా వేచి చూస్తుంది.

ద్రవం నుండి వాయువుకు

పెట్రోలు, సి.ఎన్.జి. రెండింటితో నడిచే వాహనాల తీరు వేరు. అక్కడ రెండు ఇంధనాలూ కలవవు. ద్రవానికి ఒక ట్యాంకు, వాయువుకు ఒక సిలిండరు, ఇంజెక్టర్లు కూడా వేర్వేరుగా రెండు వరుసలు. హైదరాబాదు, విజయవాడ, కాకినాడ నగరాలలో సి.ఎన్.జి. సరఫరా చేసే భాగ్యనగర్ గ్యాస్ సంస్థ 2003లో ఏర్పడింది. 2024 జులైలో సి.ఎన్.జి., పెట్రోలు రెండింటితో నడిచే బజాజ్ ఫ్రీడం మోటారు సైకిలు కూడా మన దేశంలో విడుదలైంది. దానిపై ప్రయాణించే వ్యక్తి ఒక మీట నొక్కి ఇంధనాన్ని మార్చుకోవచ్చు.

మీట నొక్కడం క్షణం పని. దాని వెనుక జరగవలసిన పని ఎంతో ఉంది. సి.ఎన్.జి. సిలిండరులో వాయువు సుమారు 200 బార్ల పీడనంలో, అంటే వాతావరణ పీడనానికి ఇంచుమించు 200 రెట్ల ఒత్తిడిలో ఉంటుంది. ఇంజెక్టరుకు చేరేముందు దానిని కొద్ది బార్లకు తగ్గించాలి. అలా హఠాత్తుగా వ్యాకోచించిన వాయువు బాగా చల్లబడుతుంది. పీడనాన్ని తగ్గించే పరికరం మంచు పట్టి మొరాయించకుండా ఉండడానికి కార్లలో యంత్రాన్ని చల్లార్చే నీటినే దాని చుట్టూ ప్రవహింపజేస్తారు. ఆ నీరు వేడెక్కేదాకా వాయువును వాడలేరు. అందుకే ఇటువంటి కార్లు అనేకం మొదట పెట్రోలుతో బయలుదేరి, యంత్రం వేడెక్కిన తరువాత వాయువుకు మారుతాయి.

మారే క్షణంలో మరొక సూక్ష్మం ఉంది. పెట్రోలు చిమ్మినప్పుడు అందులో కొంత నేరుగా సిలిండరులోకి పోక, ప్రవేశమార్గపు గోడలకు తడిగా అంటుకొంటుంది. గిన్నెలోని దోసెపిండిని వంచినా కొంత గోడలకు అంటి ఉన్నట్లే ఇదీ. పెట్రోలును ఆపి వాయువును మొదలుపెట్టినప్పుడు ఆ తడి ఆవిరై లోపలికి పోతూనే ఉంటుంది. మిశ్రమం అవసరాన్ని మించి గాఢమవుతుంది. తిరిగి పెట్రోలుకు మారినప్పుడు మొదట చిమ్మినదానిలో కొంత గోడలను తడపడానికే పోతుంది; మిశ్రమం పలుచనవుతుంది. ఈ రెండింటినీ ముందే ఊహించి మోతాదును సవరించాలి. అందుకే అన్ని సిలిండర్లనూ ఒక్కసారిగా మార్చక ఒకదాని తరువాత ఒకటిగా మార్చే పద్ధతిని అనుసరిస్తారు. వాహనంలో కూర్చున్నవారికి ఆ మార్పు తెలియకపోతేనే రూపకల్పన సఫలమైనట్లు.

వాయువు చోటు కూడా ఆక్రమిస్తుంది. పైన చెప్పిన సిలిండరులో 21 మిల్లీగ్రాముల మీథేను చేరితే అది సుమారు 30 ఘనపు సెంటీమీటర్ల చోటు తీసుకొంటుంది. అంటే పదోవంతు గాలికి చోటు పోయినట్లే. సి.ఎన్.జి.తో నడిచేటప్పుడు శక్తి కొంత తగ్గడానికి ఇది ఒక ముఖ్యకారణం. మీథేను మంట నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక స్ఫులింగాన్ని కొంచెం ముందుగా పుట్టించాలి. ఈ విధంగా ఇంధనం మారితే మోతాదే కాక ముహూర్తమూ మారుతుంది.

పదార్థాల పరీక్ష, చలి పరీక్ష

ఇథనాలు నీటిని ఆకర్షిస్తుంది. నీరు ఎక్కువగా చేరితే పెట్రోలునుండి విడిపోయి అడుగుకు చేరుతుంది. కొన్ని రబ్బరు భాగాలను ఉబ్బేలా చేస్తుంది. కొన్ని లోహాలను తినివేస్తుంది. అందువల్ల పంపు, గొట్టాలు, బిగింపులు, ఇంజెక్టరు కొన – అన్నిటికీ తగిన పదార్థాలను ఎంచుకోవాలి. లెక్క ఎంత సరిగా ఉన్నా ఒక రబ్బరు వలయం చెడితే వ్యవస్థ అంతా చెడుతుంది.

చలి మరొక పరీక్ష. ఆవిరి కావడానికి ఇథనాలుకు పెట్రోలుకంటే రెండు రెట్లకు పైగా వేడి కావాలి. చల్లని ఉదయాలలో శుద్ధ ఇథనాలు తగినంత ఆవిరి కాక యంత్రం మేల్కొనదు. ఈ కారణంగా బ్రెజిల్ వాహనాలలో చాలాకాలం ఒక చిన్న పెట్రోలు డబ్బాను ప్రత్యేకంగా అమర్చేవారు. తరువాత ఇంజెక్టరుకు ముందే ఇథనాలును వేడిచేసే పద్ధతి వచ్చింది. ఇథనాలుకు మంచి గుణమూ ఉంది. ఎక్కువ ఒత్తిడికి గురైనా తనంతట తాను అకాలంలో అంటుకోదు. ఆ గుణానికి తగినట్లు నిర్మించిన యంత్రం దానినుండి ఎక్కువ పని రాబట్టుకోగలదు.

రామచంద్రాపురం పాఠం

రెండు ఇంధనాల మధ్య మారవలసిన అవసరం కార్లకే పరిమితం కాదు. రామచంద్రాపురంలో తయారయ్యే గ్యాస్ టర్బైన్లను సహజవాయువుతోనూ, నాఫ్తా, డీజిల్ వంటి ద్రవ ఇంధనాలతోనూ నడిచేటట్లు రూపొందించవచ్చు. కారు యంత్రంలో మంట క్షణానికొకసారి వెలిగి ఆరుతుంది. టర్బైనులో అది అఖండదీపంలా నిరంతరం వెలుగుతూ ఉండాలి. ఒక ఇంధనాన్ని ఆపి రెండవదానిని తెరిచే సందున మంట ఆరితే విద్యుదుత్పత్తి ఆగిపోతుంది. కాబట్టి మొదటిదానిని క్రమక్రమంగా తగ్గిస్తూ, అదే సమయంలో రెండవదానిని పెంచుతూ పోతారు. రెండూ కలిసి ఇచ్చే వేడి ఆ సమయమంతా ఒక్కటిగానే ఉండాలి. పని లేకుండా ఉన్న ద్రవ ఇంధనపు మార్గంలో మిగిలినది ఆ వేడికి మాడి మసిగట్టకుండా గాలిని ఊది శుభ్రం చేస్తారు. వాడని మార్గాన్ని కూడా వాడుకకు సిద్ధంగా ఉంచడం రూపకల్పనలో భాగమే.

అయితే యంత్రం సిద్ధంగా ఉన్నంత మాత్రాన పని జరగదని మన అనుభవమే చెబుతోంది. 2013 నాటికి కృష్ణా–గోదావరి తీరంలో సహజవాయువు ఉత్పత్తి బాగా పడిపోయింది. దానిని నమ్ముకొన్న విద్యుత్ కేంద్రాలు అనేకం నిలిచిపోయాయి. ద్రవ ఇంధనంతో నడపడం సాంకేతికంగా సాధ్యమైనప్పటికీ నాఫ్తాతో తీసే విద్యుత్తు ధర చాలా ఎక్కువ. రెండవ ఇంధనం యంత్రానికి సరిపోవడంతో పాటు, కొనేవారి శక్తికి కూడా సరిపోవాలి.

తీపి జొన్న ప్రయత్నం

ఆ రెండవ ఇంధనాన్ని స్థానికంగా పండించుకొనే ప్రయత్నం సంగారెడ్డి ప్రాంతంలోనే జరిగింది. జొన్న ఒకప్పుడు ఇక్కడి ప్రజల ప్రధానాహారం. తీపి జొన్న అనే రకం కాండంలో చెరకులో వలె తియ్యని రసం ఉంటుంది. కంకిలో గింజ తిండికి, కాండంలో రసం ఇథనాలుకు, మిగిలిన పిప్పి పశువులకు ఉపయోగపడుతుంది. చెరకు చేతికి రావడానికి దాదాపు ఏడాది పడితే తీపి జొన్నకు నాలుగు నెలలు చాలు. నీటి అవసరమూ చెరకుతో పోలిస్తే చాలా తక్కువ. మెట్టరైతుకు ఇంతకంటె కావలసిందేముంది?

2003 జనవరిలో మన దేశంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాలలో పెట్రోలులో 5 శాతం ఇథనాలు కలిపే కార్యక్రమం మొదలైంది. ఈ నేపథ్యంలో ఇక్రిశాట్ సహకారంతో రుస్నీ డిస్టిలరీస్ అనే సంస్థ సంగారెడ్డి మండలంలోని మహమ్మద్‌షాపూర్‌లో తీపి జొన్ననుండి ఇథనాలు తీసే కర్మాగారాన్ని నెలకొల్పింది. రోజుకు 40 వేల లీటర్ల సామర్థ్యం గల ఆ కర్మాగారం 2007లో పని ప్రారంభించింది.

కాని తీపి జొన్న కాండం నిలవ ఉండదు. కోసినది మొదలు అందులోని చక్కెర తగ్గిపోతూ ఉంటుంది. ఒక రోజు లోపల గానుగ ఆడాలి. పంట కోతకాలం కొన్ని వారాలే. ఆ కొన్ని వారాలూ బళ్ళు బారులు తీరితే, మిగిలిన నెలలు యంత్రాలు ఖాళీగా ఉండాలి. దూరపు పొలాల రైతు కాండాన్ని సమయానికి చేర్చలేకపోతే నాలుగు నెలల శ్రమ ఎండిన చొప్పగా మిగులుతుంది. ముడిసరుకు ఎడతెగక అందకపోవడం మొదలైన ఇబ్బందుల వల్ల ఆ కర్మాగారం ఎక్కువకాలం నిలదొక్కుకోలేకపోయింది.

ఈ సమస్యకు ఇక్రిశాట్, దాని సహకార సంస్థలు మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో ఒక పరిష్కారాన్ని పరీక్షించాయి. కాండాన్ని దూరం తరలించకుండా ఊళ్ళోనే గానుగ ఆడి, రసాన్ని కాచి చిక్కని పాకంగా మార్చే చిన్న కేంద్రాన్ని అక్కడ ఏర్పాటు చేశారు. పాకం నెలల తరబడి నిలవ ఉంటుంది. కర్మాగారం దానిని తనకు వీలైనప్పుడు తీసుకోవచ్చు. కారుకు ట్యాంకు ఎటువంటిదో పంటకు ఈ పాకం అటువంటిది. దొరికే కాలానికీ, కావలసిన కాలానికీ మధ్య అది వంతెన అవుతుంది.

బ్రెజిల్ అనుభవం

ఇటువంటి ఆటుపోట్లను మనకంటే ముందు బ్రెజిల్ చవిచూసింది. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత ఆ దేశం 1975లో చెరకునుండి ఇథనాలు తీసే భారీ పథకాన్ని చేపట్టింది. 1980ల మధ్యనాటికి అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో అత్యధికం ఇథనాలుతో మాత్రమే నడిచేవి. దశాబ్దం చివర చెరకు మిల్లులు చక్కెర వైపు మొగ్గడంతో ఇథనాలుకు కటకట ఏర్పడింది. ఇంధనశాలల ముందు కార్లు బారులు తీరాయి. ప్రజలు ఆ కార్లపై నమ్మకం కోల్పోయారు. 2003లో పెట్రోలు, ఇథనాలు రెండింటితోనూ నడిచే కారు అక్కడ విడుదలైన తరువాతనే ఆ నమ్మకం తిరిగి వచ్చింది. ఒక లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులు. అందువల్ల ఇథనాలు ధర పెట్రోలు ధరలో సుమారు 70 శాతం లోపున ఉంటేనే అక్కడివారు దానిని కొంటారు. ఎంపిక వాహనదారు చేతిలోనే ఉంది.

మన దేశంలో పెట్రోలులో ఇథనాలు కలపడం 2022 జూన్‌లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం తీపి జొన్నను కూడా ఇథనాలు ముడిసరుకుగా గుర్తించింది. అయితే 20 శాతం మిశ్రమానికి తగినట్లు తయారైన వాహనం ఏ పాళ్ళనైనా తట్టుకోగల వాహనం కాదు. ఏ పాళ్ళతోనైనా నడవాలంటే పైన చెప్పిన సెన్సార్లు, పెద్ద ఇంజెక్టర్లు, తగిన పదార్థాలు, వివేకవంతమైన నియంత్రణ పరికరం అన్నీ ఉండాలి.

ముగింపు

రెండు ఇంధనాల వ్యవస్థ అంటే రెండు గొట్టాలూ ఒక మీటా కాదని దీనివల్ల స్పష్టమవుతుంది. ఏ ఇంధనం వచ్చిందో గుర్తించాలి. దానికి తగిన మోతాదును, సమయాన్ని నిర్ణయించాలి. ఒకదాని నుండి మరొకదానికి కుదుపు లేకుండా మారాలి. ఇదంతా ఇంజనీరు పని. రెండవ ఇంధనం ఏడాది పొడుగునా, అందుబాటు ధరకు, పండించిన రైతుకు గిట్టుబాటయ్యేటట్లు లభించాలి. ఇది రైతు, శాస్త్రజ్ఞుడు, పరిశ్రమ, ప్రభుత్వం కలిసి చేయవలసిన పని. మొదటి పనికి మిల్లీ సెకన్లలో లెక్క; రెండవ పనికి పంటకాలాలలో లెక్క. ఈ రెండు లెక్కలూ ఒక్కచోట కుదిరిన నాడు మెట్టపొలంలో మొలిచిన జొన్న రహదారిపై బండిని నడిపిస్తుంది. ఆ లెక్కలు నేర్చిన యువతీయువకులు పొలానికీ కర్మాగారానికీ సమానదూరంలో ఉన్న ఈ ప్రాంతపు కళాశాలలనుండే రావడం సముచితం.

కఠిన పదాలు – అర్థాలు

అంతర్దహన యంత్రం = లోపలే ఇంధనం మండి శక్తినిచ్చే యంత్రం
ముషలకం = సిలిండరులో పైకీ కిందికీ కదిలే భాగం, పిస్టన్
స్ఫులింగం = నిప్పురవ్వ
కవాటం = తలుపు; ద్రవాలను, వాయువులను వదలి ఆపే సాధనం
ఔచిత్యం = తగినట్లు ఉండడం
ఆవృత్తి = ఒక వరుస పూర్తయి తిరిగి మొదలుకావడం
వ్యాకోచించు = విస్తరించు
ఆమ్లజని = ఆక్సిజన్
సయోధ్య = పొత్తు, పొందిక
అఖండదీపం = ఆరకుండా వెలిగే దీపం

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు విపులంగా సమాధానాలు రాయండి.
1. ఇంధనం మారినప్పుడు మోతాదు ఎందుకు మారాలి? పాఠంలోని ఉదాహరణతో వివరించండి.
2. సంగారెడ్డి ప్రాంతంలో జరిగిన తీపి జొన్న ప్రయత్నాన్నీ, అందులో ఎదురైన ఇబ్బందులనూ వివరించండి.
3. బ్రెజిల్ అనుభవం మనకు నేర్పే పాఠం ఏమిటి?

II. ఈ కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ట్యాంకులోని ఇథనాలు పాలును యంత్రం ఏయే మార్గాలలో గుర్తిస్తుంది?
2. సి.ఎన్.జి. కార్లు అనేకం మొదట పెట్రోలుతో ఎందుకు బయలుదేరుతాయి?
3. టర్బైనులో ఇంధనాన్ని మార్చేటప్పుడు తీసుకొనే జాగ్రత్తలు ఏవి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఇక్రిశాట్ ఎప్పుడు స్థాపితమైంది?
2. ఒక గ్రాము ఇథనాలు మండడానికి ఎంత గాలి కావాలి?
3. ఇబ్రహీంబాద్ కేంద్రంలో రసాన్ని ఏ రూపంలోకి మార్చారు?